మాడ్యులర్ రాత: ముక్కల మీద అపోహలు, అతుకుల దగ్గర వాస్తవాలు

"రవికు 500 రూపాయలు పంపారు."

ఇలాంటి వాక్యం మీ ఫోన్లో మీరూ చూసే ఉంటారు. తెలుగు వచ్చినవాళ్లెవరూ ఇలా రాయరు. నిజానికి దీన్ని ఎవరూ రాయలేదు కూడా. "కు 500 రూపాయలు పంపారు" అన్న ముక్క ఒకచోట ఉంది, పేరు ఇంకోచోట నుంచి వచ్చింది, ప్రోగ్రామ్ రెంటినీ అతికించింది. పరీక్షించినవాళ్లు "కృష్ణ" అని కొట్టి చూసుంటే అంతా సవ్యంగానే కనిపించి ఉంటుంది.

నేను హైదరాబాద్‌లో 18 ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌కూ, ఇంట్లో వాడే మెషీన్లకూ మాన్యువల్స్ రాస్తున్నాను. వాటి తెలుగు అనువాదాలూ నా దగ్గరికే వస్తాయి. మా పనంతా మాడ్యూళ్లతోనే: ఒక విషయాన్ని ఒకచోట రాసి, అవసరమైన ప్రతి పుస్తకంలోకీ దాన్నే తెచ్చుకోవడం. ఈ పద్ధతి మీద నాకు గట్టి నమ్మకం ఉంది. అందుకే దాని పేరు చెప్పి జరిగే పొరపాట్లు చూస్తే ఊరుకోలేను.

అపోహ: ముక్కలు చేస్తే మాడ్యులర్ అయినట్టే

ఎన్ని ముక్కలు చేశామన్నది కాదు, ఎక్కడ కోశామన్నది ముఖ్యం. ఈ మాట సాఫ్ట్‌వేర్‌లో 1972లోనే తేలిపోయింది. కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ తన వ్యాసంలో ఒక చిన్న ప్రోగ్రామ్‌ను తీసుకున్నాడు. శీర్షికల్లోని ఒక్కో మాటనూ ముందుకు తిప్పి, అన్నిటినీ అక్షరక్రమంలో పేర్చి సూచిక తయారుచేసే ప్రోగ్రామ్ అది. దాన్ని రెండు రకాలుగా విడగొట్టి చూపించాడు. మొదటి రకంలో పని జరిగే వరసే మాడ్యూళ్లు: చదవడం, తిప్పడం, పేర్చడం, అచ్చువేయడం. రెండో రకంలో, రేపు మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూల్ లోపల దాచాడు. రెండూ ముక్కలే, రెండూ పనిచేస్తాయి. కానీ శీర్షికల్ని మెమరీలో ఉంచే తీరు మార్చాల్సి వస్తే మొదటిదాంట్లో అన్ని మాడ్యూళ్లనూ ముట్టుకోవాలి. రెండోదాంట్లో ఒక్కటి మారిస్తే సరిపోతుంది.

మాన్యువల్స్‌లోనూ అంతే. మాన్యువల్‌ను విడివిడి అంశాలుగా రాయడానికి మేం వాడే డిటా అనే ప్రమాణం ఐబీఎంలో పుట్టి, 2005లో ప్రమాణాలు ఖరారుచేసే ఒయాసిస్ సంస్థ ఆమోదం పొందింది. అందులో ప్రధానంగా మూడు రకాల అంశాలు ఉంటాయి: ఇది ఏమిటి, దీన్ని ఎలా చేయాలి, దీని వివరాలు ఏమిటి. చాలాచోట్ల జరిగేదేమిటంటే, పాత పుస్తకంలోని అధ్యాయాల్ని పేజీల లెక్కన కోసి, ఒక్కో ముక్కకూ డిటా తొడుగు తొడుగుతారు. "ఫిల్టర్ ఎందుకు మార్చాలి", "ఎలా మార్చాలి", "ఏ మోడల్‌కు ఏ నంబరు ఫిల్టర్" మూడూ ఒకే ముక్కలో ఉండిపోతాయి. కొత్త నంబరు వచ్చిన ప్రతిసారీ, మార్చే పద్ధతిని కూడా మళ్లీ అనువాదానికి పంపాలి. మార్పు ఎటు నుంచి వస్తుందో చూసి కోసి ఉంటే ఆ ఖర్చు ఉండేది కాదు.

అపోహ: ముక్క బాగుంటే అతుకు దానంతటదే కుదురుతుంది

ఇల్లు కట్టించినవాళ్లను అడగండి. భారతీయ ప్రమాణాల ప్రకారం మాడ్యులర్ ఇటుక కొలతలు 190, 90, 90 మిల్లీమీటర్లు. ఈ అంకెలు మొదటిసారి విన్నప్పుడు వింతగా ఉంటాయి. పక్కన 10 మిల్లీమీటర్ల మాలు కలపండి: 200, 100, 100. మీటరు పొడవుకు ఐదు ఇటుకలు, మీటరు ఎత్తుకు పది వరసలు. అతుక్కి కావలసిన చోటును ఇటుక పుట్టకముందే లెక్కలో వేసి ఉంచారు.

రాతలో ఆ లెక్క వేయకపోతే ఏమవుతుందో చెప్పడానికి తెలుగును మించిన సాక్ష్యం లేదు. ఇంగ్లిష్‌లో పేరు ఏదైనా దాని ముందు "టు" పెడితే చాలు, పేరు మారదు, "టు" మారదు. మనకు విభక్తి పేరుకు అంటుకుంటుంది. అంటుకుని ఊరుకోదు, తానూ మారుతుంది, పేరునూ మారుస్తుంది. కృష్ణకు, రవికి. రాముడు రాముడికి అవుతాడు. చిరునామాకు "ఇల్లు" అని పేరు పెట్టుకున్న మనిషికి "ఇల్లుకు డెలివరీ అవుతుంది" అని వస్తే, అది ఇంటికి రాదు. "ఊరు" పక్కన "లో" పెడితే ఊరులో అనేది తప్పు కాకపోయినా, నోటికొచ్చేది ఊళ్లో. ఇవన్నీ పిల్లలకు కూడా తెలిసిన సంగతులు. ప్రోగ్రామ్‌కు ఎవరూ చెప్పలేదు, అంతే.

అంకెల దగ్గర ఇంకో చిక్కు. "మీకు", ఒక అంకె, "కొత్త మెసేజ్‌లు వచ్చాయి" అని మూడు ముక్కలు చేశారనుకోండి. అంకె ఒకటైతే "మెసేజ్" మాత్రమే కాదు, చివరి క్రియ కూడా మారాలి: 1 కొత్త మెసేజ్ వచ్చింది, 3 కొత్త మెసేజ్‌లు వచ్చాయి. యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్‌లో, అంటే ఒక్కో భాష నియమాల్ని కంప్యూటర్ల కోసం పొందుపరిచిన భండారంలో, తెలుగుకు ఏకవచనం, మిగతావన్నీ అని రెండు వర్గాలు ఉన్నాయి. డెవలపర్లకు అది అందుబాటులోనే ఉంది. కానీ అది పనికిరావాలంటే మొత్తం వాక్యం ఒకే ముక్కగా అనువాదకుడి చేతికి రావాలి. నామవాచకాన్ని ఒక ఫైల్లో, క్రియను ఇంకో ఫైల్లో పంపితే అనువాదకుడు ఏం చేయగలడు?

మరి వాస్తవం ఏమిటి? తెలుగులో మాడ్యూల్‌కు కనీస పరిమాణం ఒక పూర్తి వాక్యం. దానికంటే చిన్నగా కోయకూడదు. వాక్యంలో మారే మాట తప్పనిసరి అయితే, దానికి ఏ విభక్తీ తగలని చోటు చూపించాలి: "500 రూపాయలు పంపారు. అందుకున్నవారు: రవి." ఇప్పుడు రవి వచ్చినా, కృష్ణ వచ్చినా, రాముడు వచ్చినా వాక్యం చెక్కుచెదరదు. "పంపాడు", "పంపింది" గొడవ కూడా "పంపారు"తో తీరిపోతుంది, పైగా మర్యాదగానూ ఉంటుంది. నా దగ్గరికి వచ్చే ప్రతి కొత్త అనువాదకుడికీ మొదటి రోజు నేర్పేది ఇదే. ప్రోగ్రామర్లకు కూడా నేర్పగలిగితే ఇంకా బాగుండును.

అపోహ: ముక్క ఎంత చిన్నదైతే అంత మేలు

2016 మార్చిలో, ప్రోగ్రామర్లు రెడీమేడ్ కోడ్ ముక్కల్ని తెచ్చుకునే ఎన్‌పీఎం అనే ఆన్‌లైన్ గిడ్డంగి నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే ప్యాకేజీని దాని రచయిత తీసేశాడు. 11 లైన్ల కోడ్. మాటకు ఎడమవైపు ఖాళీలో సున్నాలో చేర్చడం తప్ప దానికి వేరే పని లేదు. దాని మీద నేరుగానో పరోక్షంగానో ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు, అంటే కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసే పనులు, ఆగిపోయాయి. 2023లో అమెజాన్ ప్రైమ్ వీడియో ఇంజినీర్లు ఆడియో, వీడియో నాణ్యతను కనిపెట్టి ఉండే తమ వ్యవస్థలోని విడివిడి సర్వీసుల్ని ఒకే ప్రాసెస్‌లోకి చేరిస్తే, మౌలిక వసతుల ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని రాశారు. ప్రతి ముక్కకూ ఒక అతుకు ఉంటుంది, ప్రతి అతుక్కీ ఒక ధర ఉంటుంది. ఇంతకంటే ఇక్కడ చెప్పాల్సింది లేదు.

అపోహ: పాఠాన్ని పది నిమిషాల వీడియోలుగా కోస్తే అది మాడ్యులర్ చదువు

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉంది. దూరవిద్య పుస్తకం చదివే మనిషిని తలుచుకోండి. పగలంతా పని చేసుకుని, రాత్రి ఒక్కరూ కూర్చుని చదువుతారు. సందేహం వస్తే అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. అందుకే ఆ పద్ధతిలో రాసే పాఠం మొదట్లోనే ఇది చదివాక ఏం చేయగలరో చెబుతుంది, మధ్యలో ఆపి ప్రశ్న అడుగుతుంది, చివర జవాబు సరిచూసుకోనిస్తుంది. పాఠం తన కాళ్ల మీద తాను నిలబడేది ఆ ఏర్పాటు వల్లే.

ఇప్పుడు ఒక గంట క్లాసును ఆరు వీడియోలుగా కోసి పెడుతున్నారు. నాలుగోదాన్ని తెరిస్తే "ఇందాక చెప్పుకున్నట్టు" అని మొదలవుతుంది. ఇందాక అంటే ఎప్పుడు? 2020 జాతీయ విద్యావిధానం డిగ్రీలో ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా ఇచ్చి మధ్యలో బయటికి వెళ్లే వీలు కల్పించింది. మంచి ఆలోచనే. ఇంటి పరిస్థితుల వల్ల చదువు ఆపేసే పిల్లలకు చేతిలో ఒక కాగితమైనా ఉంటుంది. కాకపోతే అలా ఆపేసిన ఒక అమ్మాయి మూడేళ్ల తర్వాత తిరిగొస్తే, రెండో ఏడాది పాఠం ఆమెను ఎక్కడినుంచి అందుకుంటుందో ఎవరో ఒకరు రాసి పెట్టాలి. క్రెడిట్లు బదిలీ అయినంత తేలిగ్గా జ్ఞాపకం బదిలీ కాదు.

అపోహ: ఒకసారి రాసేస్తే ఇక చూసుకోనక్కర్లేదు

ఇది నాకు చాలా ఖరీదైన పాఠం. నీళ్ల ఫిల్టర్ల కంపెనీ ఒకదానికి పనిచేస్తున్నప్పుడు, "ఫిల్టర్ మార్చే విధానం" అనే ఒకే అంశాన్ని తొమ్మిది మోడళ్ల పుస్తకాల్లో వాడేవాళ్లం. తొమ్మిదో మోడల్ కొత్తది. దానికి ముందుగా ప్రెజర్ వదిలించాలి. మా బృందంలో ఒకరు ఆ అంశం తెరిచి, మొదటి వాక్యంగా "పైన ఉన్న ఎర్ర బటన్ నొక్కి పట్టుకోండి" అని చేర్చారు. సమీక్షించి సరేనన్నది నేనే. నేను చూసింది తొమ్మిదో పుస్తకం ఒక్కటే. మిగతా ఎనిమిది మోడళ్లకు ఎర్ర బటనే లేదు. ఆ పుస్తకాలు అచ్చయి పెట్టెల్లోకి వెళ్లాక, లేని బటన్ కోసం వెతికి విసిగిపోయినవాళ్లు సర్వీసుకు ఫోన్లు చేశారు. ఒక పెద్దాయన మెషీన్ పైమూత మొత్తం ఊడదీసి చూశారట. ఆ సంగతి విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

అప్పటినుంచి ఉమ్మడి అంశం ప్రతిదానికీ, అది ఏయే పుస్తకాల్లోకి వెళ్తుందో తలమీదే రాసి ఉంచుతున్నాం. ఎవరైనా ఒక్క మాట మార్చినా, ఆ జాబితాలోంచి కనీసం రెండు పుస్తకాలు పూర్తిగా తయారుచేసి, మార్చిన చోటుకు ముందు పేరా, వెనక పేరా కలిపి పైకి చదవాలి. కళ్లకు కనిపించని అతుకు చెవికి తగులుతుంది. ఎర్ర బటన్ మాట ఇప్పుడు తొమ్మిదో మోడల్ గుర్తుతో విడిగా ఉంది. మిగతా ఎనిమిది పుస్తకాల్లో మొదటి అంచె "కుళాయి కట్టేయండి" అనే మొదలవుతుంది.