బార్నబాస్ నుంచి జేమీ దాకా: బుల్లితెర ఫాంటసీలో ప్రాయశ్చిత్తం

ఊళ్లు తగలబెట్టిన, మనుషుల్ని చంపిన పాత్ర చివరికి నాయకుడిగా నిలిచిన ప్రతిసారీ ఫాంటసీ సీరియళ్ల ప్రేక్షకుల్లో ఒకే తగాదా మొదలవుతుంది: వాడికి ఆ అర్హత ఎలా వచ్చింది? ఈ తగాదా మూలాలు వెతుక్కుంటూ వెళ్తే 1967 నాటి రేటింగుల దగ్గర తేలతాం.

అమెరికాలో ఏబీసీ ఛానెల్ 1966 జూన్‌లో పగటిపూట ప్రసారానికి ‘డార్క్ షాడోస్’ మొదలుపెట్టింది. ఆదరణ అంతంతమాత్రంగా ఉండటంతో మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నిర్మాత డాన్ కర్టిస్ బార్నబాస్ కాలిన్స్ అనే రక్తపిశాచిని రంగంలోకి దించాడు. కొన్నాళ్లు భయపెట్టి చావాల్సిన పాత్ర అది. కానీ జొనాథన్ ఫ్రిడ్ నటనకు జనం ముగ్ధులైపోయారు, చంపే వీలు లేకుండా పోయింది. అప్పటికే బార్నబాస్ మ్యాగీ అనే అమ్మాయిని ఎత్తుకెళ్లి బంధించి హింసించాడు. అలాంటివాణ్ని రోజూ చూడాలంటే ప్రేక్షకులకు అతనిమీద జాలి కలగాలి. అందుకే నవంబరులో కథను 1795కు తీసుకెళ్లి, ఒక మంత్రగత్తె శాపం వల్లే అతను అలా మారాడని చూపారు. అంతకుముందే డాక్టర్ జూలియా హాఫ్‌మన్ పాత్ర మ్యాగీని హిప్నటైజ్ చేసి, జరిగిందంతా మరిచిపోయేలా చేసింది. బాధితురాలికే గుర్తు లేకపోతే నేరం గురించి నిలదీసేదెవరు? ఈ తరహా కథలకు పుట్టుకతో వచ్చిన లోపం ఇదే. తర్వాతి సీరియళ్లలో ఏది నిలబడింది, ఏది తేలిపోయింది అన్నది చాలావరకు బాధితుల్ని కథలో ఉంచారా లేదా అన్నదాన్ని బట్టే తేలుతుంది.

జీనా పుట్టుక కూడా దాదాపు ఇలాంటిదే. 1995లో ‘హెర్క్యులిస్’ సీరియల్‌లో 3 ఎపిసోడ్ల కోసం రాసిన దుష్టపాత్ర ఆమెది, మూడోదాంట్లో చనిపోవాలి. జీనాగా నటించిన లూసీ లాలెస్‌కు వచ్చిన ఆదరణ చూసి అదే సెప్టెంబరులో ఆమెకు సొంత సీరియల్ ఇచ్చారు. అయితే ఈసారి రచయితలు పాత నేరాన్ని దాచలేదు. 1996లో కలిస్టోను తెచ్చారు. సిర్రా గ్రామంపై జీనా సైన్యం దాడిచేసినప్పుడు చెలరేగిన మంటల్లో కుటుంబాన్ని పోగొట్టుకున్న పిల్ల, పెరిగి పెద్దదై పగతో తిరిగొచ్చింది. జీనా ఎంత మంచి చేసినా కలిస్టో ముందు అది చెల్లదు. నాయకురాలి గతానికి ఒక ముఖం, ఒక గొంతు ఇచ్చిన ఈ పద్ధతి మామూలు ఫ్లాష్‌బ్యాక్ చేయలేని పని చేసింది.

‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ (1997–2003), దాన్నుంచి పుట్టిన ‘ఏంజెల్’ (1999–2004) ఈ ప్రశ్నను అందరికంటే లోతుగా తవ్వాయి. రక్తపిశాచి ఏంజెల్‌కు 1898లో రోమా జాతివాళ్లు శాపంగా ఆత్మను తిరిగిచ్చారు. ఒక్క క్షణం పరిపూర్ణ సంతోషం కలిగితే అది పోతుంది. 1998 జనవరిలో అదే జరిగింది. ఆత్మ లేని కొద్దికాలంలోనే అతను జెన్నీ క్యాలెండర్ అనే ఉపాధ్యాయురాలిని చంపేశాడు. కథ నడపడానికి ఇది గొప్ప ఏర్పాటే. చిక్కేమిటంటే, పాపాలన్నీ ఆత్మ లేనప్పుడు చేసినవైతే, ఆత్మ వచ్చాక వాటికి బాధ్యుడెవరు? ఆ గొడవను రచయితలు చివరిదాకా పూర్తిగా తేల్చలేదు.

అందుకే ఈ రెండు సీరియళ్లలో అసలైన ప్రాయశ్చిత్త కథ ఫెయిత్‌ది అనాలి. ఆమె బఫీలాగే రక్తపిశాచుల్ని వేటాడే మనిషి, పిశాచి కాదు. శాపం లేదు, ఆత్మ పోలేదు. 1999 ఫిబ్రవరిలో ప్రసారమైన ఎపిసోడ్‌లో పొరపాటున ఒక మనిషిని చంపింది. తర్వాత నేరాలన్నీ తెలిసే చేసింది. 2000 మే నాటికి తనంతట తానే పోలీసులకు లొంగిపోయింది. 2003లో ఆమె అవసరం పడేదాకా రచయితలు ఆమెను జైల్లోనే ఉంచారు. ఇష్టమైన పాత్రను అన్నాళ్లు దూరం పెట్టడం ఏ సీరియల్‌కైనా నష్టమే, ఆ నష్టాన్ని భరించారు కాబట్టే మార్పు నమ్మబుద్ధయింది.

‘బఫీ’లోని మరో రక్తపిశాచి స్పైక్ విషయంలో తొందర కనిపిస్తుంది. 2002 మే 7న ప్రసారమైన ఎపిసోడ్‌లో అతను నాయిక బఫీపై అత్యాచారానికి ప్రయత్నించాడు. 2 వారాల తర్వాత, మే 21న, కఠిన పరీక్షలకు ఓర్చి ఆత్మను సంపాదించుకున్నాడు. శాపంగా రాలేదు, తానే వెతుక్కుంటూ వెళ్లాడు. ఏంజెల్‌కూ అతనికీ ఉన్న పెద్ద తేడా అదే. కానీ బాధితురాలికి కోలుకునే సమయం దొరకకముందే కెమెరా నేరస్తుడి వేదన వైపు తిరిగింది. ఆ ఎపిసోడ్ మీద వాదన ఇంకా చల్లారలేదు.

యానిమేషన్‌లో వచ్చిన ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ (2005–2008) చాలామంది రచయితలకు కొలబద్ద. మొత్తం 61 ఎపిసోడ్లు. రెండో సీజన్ చివర మారడానికి అవకాశం దొరికితే శత్రురాజ్యపు యువరాజు జూకో చెల్లెలి పక్షం చేరి, తండ్రిలా చూసుకున్న పెదనాన్నకే ద్రోహం చేస్తాడు. ఆ పతనం లేకపోతే మూడో సీజన్‌లో తండ్రిని ఎదిరించడం తేలిగ్గా అనిపించేది. పక్షం మారాక కూడా అతన్ని వెంటనే అక్కున చేర్చుకోరు. కథానాయకుడు ఆంగ్, అతని స్నేహితులు సొక్కా, కటారా ఒక్కొక్కరితో విడివిడిగా కథ నడిపి, నమ్మకాన్ని విడివిడిగానే సంపాదించుకోనిచ్చారు. అందరికంటే ఆలస్యంగా క్షమించేది కటారా, ఎక్కువ మోసపోయింది కూడా ఆమే.

మరణంతో లెక్క సరిచేయడం ఇంకో పాత అలవాటు. 2001 జూన్‌లో ముగిసిన జీనా కథలో, తన వల్ల చనిపోయిన 40,000 మంది ఆత్మలకు శాంతి కలగాలంటే ఆమె చచ్చిపోయే ఉండాలన్నారు. ఆరేళ్లు బతికి మంచి చేస్తూ చూపిన దారిని చివరి గంటలో వదిలేశారని అభిమానులు మండిపడ్డారు. వాళ్ల కోపంలో న్యాయముంది. చావు త్యాగమే గానీ, మర్నాడు లేచి బాధితుల ముఖం చూడటం అంతకంటే కష్టం.

ఇప్పుడు సీజన్ల నిడివి కూడా అడ్డుతగులుతోంది. బఫీ కాలంలో సీజన్‌కు సాధారణంగా 22 ఎపిసోడ్లు. పాత్ర తప్పటడుగు వేయడానికి, మళ్లీ లేవడానికి చోటుండేది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో 2011 ఏప్రిల్‌లో మొదటి ఎపిసోడ్‌లోనే పిల్లవాణ్ని కిటికీలోంచి తోసేసిన జేమీ లానిస్టర్‌ను మనిషిగా చూపడానికి మొదటి ఆరు సీజన్లలో ఏడాదికి 10 ఎపిసోడ్లు దొరికాయి. 2019 నాటి చివరి సీజన్‌కు మిగిలినవి 6. రెండోదాంట్లో తాను తోసేసిన బ్రాన్‌కు క్షమాపణ చెప్పాడు, యోధురాలు బ్రియెన్‌కు వీరపట్టం కట్టాడు. నాలుగోదాంట్లో ఆమెను వదిలి, తన కవల సోదరి, ప్రేయసి కూడా అయిన సెర్సీ కోసం బయల్దేరాడు, అయిదోదాంట్లో సెర్సీతో కలిసి శిథిలాల కింద చనిపోయాడు. మారలేక వెనక్కి పోయే మనిషి కథ కూడా గొప్పదే, కానీ ఆ వెనకడుగు ఎందుకు పడిందో చూపడానికి మధ్యలో ఒక్క ఎపిసోడ్ కూడా మిగల్చలేదు.