గోటికి పడ్డ గండి

అమ్ములూ, నీతోపాటు ఇది చదివే పిల్లలందరికీ,

"నా గోళ్లు కత్తిరిస్తే రక్తం రాదు కదా తాతయ్యా, మన కుక్క టామీ గోరు కత్తిరిస్తే ఎందుకొచ్చింది? అంత రక్తం పోతే వాడికేమైనా అవుతుందా?" అని రాశావు. రెండోదానికి ముందు జవాబు చెప్తాను, నీ టెన్షనంతా దాని గురించే కాబట్టి. ఏమీ కాదు. కుక్క ఒంట్లో కిలో బరువుకి దాదాపు 85 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. టామీ 10 కిలోలు ఉంటాడనుకో, 850 మిల్లీలీటర్లన్నమాట. గోటి చివర నుంచి పోయేది అందులో కొన్ని చుక్కలు. కానీ వాడు ఊరుకోడు కదా! ఆ కాలితోనే ఇల్లంతా తిరిగి, గచ్చు మీద అడుగడుక్కీ ఒక ఎర్రటి బొట్టు పెట్టుకుంటూ పోతాడు. అది చూస్తే పెద్దవాళ్లకే కాళ్లూ చేతులూ ఆడవు.

ఇక మొదటి ప్రశ్న. నీ గోరు వేలి మీద చదునుగా పరుచుకుని ఉంటుంది. వేలు దాటి ముందుకొచ్చిన తెల్లటి అంచులో ప్రాణం లేదు. మనం కత్తిరించేది దాన్నే. కుక్క గోరు అలా కాదు. గుండ్రంగా వంపు తిరిగి, లోపల ఒక మెత్తటి కండని చుట్టూ కప్పేసి పెరుగుతుంది. రక్తనాళాలు, నరాలు అన్నీ ఆ కండలోనే. దాన్ని డాక్టర్లు క్విక్ అంటారు. కట్టర్ దానికి తగిలితే రక్తం వస్తుంది, నొప్పీ పుడుతుంది. టామీ కుయ్యోమన్నాడంటే పెంకితనం కాదు.

ఆ రక్తం ఎలా ఆగుతుందో చెప్పాలంటే నా చిన్నప్పటి సంగతి చెప్పాలి.

ఒక వానాకాలం రాత్రి మా చెరువు గట్టుకి గండి పడింది. పిల్లలు ఇల్లు కదలొద్దన్నారు. జనమంతా లాంతర్లు పట్టుకుని పరిగెడుతుంటే ఇంట్లో కూర్చునే పిల్లాడెవడు చెప్పు? నేనూ వెళ్లి గట్టు మీద ఓ పక్కన నిలబడ్డాను. అప్పటికి గండి ఒక మనిషి పట్టేంత ఉంది. ఇద్దరు కుర్రాళ్లు అందులోకి దిగి, భుజం భుజం ఆనించి అడ్డంగా నిలబడ్డారు. మిగతావాళ్లు మట్టి బస్తాలు దొర్లిస్తున్నారు. వేసిన బస్తా వేసినట్టే కొట్టుకుపోతోంది. ఒక ముసలాయన "కంప కొట్టుకు రండ్రా!" అని కేకేశాడు. ముళ్లకంప అడ్డం పడ్డాక బస్తాలు దాంట్లో చిక్కుకుని నిలిచాయి. పైన మట్టి వేసి తొక్కారు. నీళ్లు సన్నగిల్లాయి. అంతలో ఒక తొందరగాడు, ఆగిందో లేదో చూద్దామని ఒక బస్తా పక్కకి లాగాడు. బుస్సుమని మళ్లీ మొదలు! ఆ ముసలాయన తిట్టిన తిట్లు ఉత్తరంలో రాయలేను.

టామీ గోటి చివర జరిగేదీ ఇదే. ముందు తెగిన రక్తనాళం తనంతట తానే కాస్త ముడుచుకుంటుంది. తర్వాత ప్లేట్‌లెట్లు, అంటే రక్తంలో తిరిగే అతి చిన్న కణాలు, వచ్చి తెగినచోట ఒకదానికొకటి అతుక్కుని నిలబడతాయి. గండిలోకి దిగిన కుర్రాళ్లు అవే. 1882లో ఇటలీ డాక్టరు జూలియో బిజోజెరో మైక్రోస్కోపు కింద ఒక సన్నటి రక్తనాళానికి దెబ్బ తగిలినప్పుడు చూస్తే, అవి ఇలాగే గుంపు కట్టి కనిపించాయి. ఆ తర్వాత ఫైబ్రిన్ అనే సన్నటి దారాలు అల్లుకుంటాయి. అవి కంప. ఎర్ర కణాలు వాటిలో చిక్కుకుంటాయి. అదే మనం చూసే గడ్డ.

ఇప్పుడు నీ పని. టామీని పడుకోబెట్టి, ఎవరైనా నెమ్మదిగా పట్టుకుంటే, శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గోటి చివర గట్టిగా అదిమి పట్టాలి. ఐదు నిమిషాలు. మధ్యలో గుడ్డ తీసి చూడకూడదు! చూశావంటే బస్తా లాగినవాడివి నువ్వే. మంచి చేద్దామనే తొందరలో మనం చెడగొట్టేవి చాలా ఉంటాయిలే. వంటింట్లో కార్న్‌ఫ్లోరో మైదాపిండో ఉంటే చిటికెడు అరచేతిలో పోసి, గోటి చివర అందులో గుచ్చి, పైన గుడ్డ అదమొచ్చు. కంపకి మట్టి తోడైనట్టు. ఇందుకోసమే దొరికే స్టిప్టిక్ పౌడర్ ఇంకా త్వరగా పనిచేస్తుంది గానీ పెట్టగానే చురుక్కుమంటుంది, కాలు లాక్కుంటాడు, జాగ్రత్త. ఆగాక ఓ అరగంట పరుగులొద్దు, నాకనివ్వొద్దు. నాలుక తగిలితే గడ్డ ఊడిపోతుంది. నొప్పిగా ఉందేమోనని మనం వేసుకునే మాత్రలు మాత్రం వాడికి ఎప్పుడూ వేయకండి. పారాసిటమాల్ లాంటివి కుక్కలకి ప్రమాదం.

ఇంత చేసినా ఇరవై, ముప్పై నిమిషాలకి ఆగకపోయినా, గోరు మొదలంటా చీలిపోయినా వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ రాత్రి కుర్రాళ్లే లేకపోతే గండి పూడేదా? గోమార్ల వల్ల వచ్చే ఒక జ్వరంలో కుక్కలకి ప్లేట్‌లెట్లు పడిపోతాయి, చిన్న గాయమైనా కారుతూనే ఉంటుంది. డాబర్‌మన్ లాంటి కొన్ని జాతుల్లో పుట్టుకతోనే రక్తం గడ్డకట్టడంలో లోపం ఉండొచ్చు. అలాంటి వాటికి గోటి చుక్కే మొదటి హెచ్చరిక అయిన సందర్భాలున్నాయి.

ఒక్కచోట మాత్రం నా గండి కథ చాలదు. గట్టు తెగితే మనం పరిగెత్తాలి, మనుషుల్ని కేకేయాలి, కంప కొట్టాలి. రక్తంలో అయితే కుర్రాళ్లు, కంప అల్లడానికి కావాల్సిన సరుకు అన్నీ ఆ పారే నీళ్లలోనే కలిసి తిరుగుతుంటాయి. రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండి, తెగినచోట తప్ప మరెక్కడా గుమిగూడవు. అదెలా అంటే చెప్పడానికి చాలా ఉంది గానీ, ఈ వయసులో కూడా నాకు ఆ లెక్కలకంటే ఆశ్చర్యమే ఎక్కువ.

కత్తిరించినవాళ్ల మీద అరవకు. ఈసారి నువ్వే పక్కన కూర్చుని చూడు. తెల్ల గోరైతే వెలుతురుకి పట్టి చూస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది, దానికి కాస్త ఇవతలే ఆపాలి. నల్ల గోరైతే పల్చటి ముక్కలుగా తీస్తూ, తీసిన ప్రతిసారీ కోసిన ముఖాన్ని చూడాలి. ముందు పొడిగా, సుద్దలా ఉంటుంది. మధ్యలో నిగనిగలాడే గుండ్రటి మచ్చ కనిపించిందా, అక్కడితో సరి. కొన్ని రోజులకోసారి కొంచెం కొంచెంగా తీస్తుంటే ఆ కండ కూడా మెల్లగా వెనక్కి జరుగుతుంది.

టామీ ముందుకాళ్లకి లోపలివైపు, కాస్త పైన, నేలకి తగలని గోరొకటి ఉంటుంది. అరగదు కాబట్టి వంకర తిరిగి చర్మంలోకే దిగిపోగలదు. చాలామంది దాన్ని మర్చిపోతారు. వాడు నిద్రపోతున్నప్పుడు మెల్లగా కాలెత్తి చూడు. కొన్ని కుక్కలకి వెనక కాళ్లకీ ఉంటుంది. మీవాడికుందేమో చూసి రాయి.

ప్రేమతో
తాతయ్య