బిగిస్తే మూసుకుంటది, వదిలితే కారతది: కిడ్నీ కింద వేసే కుట్ల సంగతి

మా నెల్లూరు సైడు నడుం పక్కన నొప్పి అంటే చాలు ఎవరైనా చెప్పేది ఒకటే, రాయి ఉండుంటది, కొండపిండాకు రసం తాగు, అరటి దవ్వ తిను, నీళ్లు బాగా తాగు అని. చానా మందికి నిజంగా రాయే ఉంటది, కాదనను. కానీ కొంతమందికి నీళ్లు ఎంత తాగితే నొప్పి అంత ఎక్కువవుద్ది, వాంతులు అవుతాయి, కాసేపటికి దానంతటదే తగ్గిపోద్ది. అట్టాంటోళ్లు కావలి నుంచో ఆత్మకూరు నుంచో స్కాన్ రిపోర్టు పట్టుకొని వస్తారు, చూస్తే రాయి ఉండదు, హైడ్రోనెఫ్రోసిస్ అని రాసుంటది, అంటే మూత్రం దిగక కిడ్నీ లోపల ఉబ్బిందని. నీళ్లు తాగేకొద్దీ నొప్పి పెరిగే ఈ రకంలో అడ్డం తరచుగా పీయూజే దగ్గర ఉంటది.

పీయూజే అంటే ఏందంటే, కిడ్నీలో తయారైన మూత్రం ముందు పెల్విస్ అనే సంచిలో చేరి అక్కడి నుంచి యురేటర్ అనే సన్న పైపులోకి దిగుద్ది, ఆ రెండూ కలిసే చోటు. పెద్దోళ్లలో ఆ పైపు పొడుగు 25 సెంటీమీటర్ల దాకా ఉంటది, లోపల దారి మాత్రం 3, 4 మిల్లీమీటర్లే. కొందరికి పుట్టుకతోనే ఆ కొంచెం ముక్కలో కండ సరిగ్గా ఉండదు, మూత్రాన్ని కిందికి నెట్టాల్సిన అల అక్కడికొచ్చి ఆగిపోద్ది. ఇంకొందరిలో కిడ్నీ కింది భాగానికి పోయే రక్తనాళం ఒకటి పైపు మీదుగా అడ్డంగా పోయి దాన్ని మడత పెడతది. తల్లి కడుపులో ఉన్నప్పుడే స్కాన్‌లో బిడ్డ కిడ్నీ వాపు తెలిసిపోతా ఉంది ఇప్పుడు, అట్టని అందరికీ ఆపరేషన్ చెయ్యరు, చానా మంది పసిపిల్లలకి దానంతటదే సర్దుకుంటది. నొప్పి, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్, లేదంటే కిడ్నీ ఎంత పనిచేస్తందో, మూత్రం ఎట్టా దిగుతందో చూసే పరీక్ష రీనోగ్రామ్‌లో ఆ కిడ్నీ చేసే పని వాటా తగ్గిపోతా ఉండటం, ఇవి ఉంటేనే ఆపరేషన్ దాకా పోతది.

ఆపరేషన్ పేరు పైలోప్లాస్టీ. ఇప్పటికీ ఎక్కువగా చేసే పద్ధతి 1949లో ఇంగ్లండులో ఆండర్సన్, హైన్స్ అనే ఇద్దరు రాసింది, వాళ్లలో హైన్స్ ప్లాస్టిక్ సర్జన్, నాకైతే ఆ పద్ధతిలో ఆయన చెయ్యి బాగా కనపడతది. చెడిపోయిన ముక్క కోసి తీసేసి, మంచి పైపుని మంచి సంచికి మళ్లీ అతికిస్తారు, చెప్పుకోడానికి అంతే. కోసింది ఎవరికీ గుర్తుండదు, అతుకు నిలబడిందా లేదా అన్నదే లెక్క.

నేను పనిచేసేది ఆపరేషన్ థియేటర్లో, దారాల కవర్లు చించి అందించేది మేమే కాబట్టి ఈ కుట్లు దగ్గర్నుంచి చూస్తా ఉంటా. ఒంటి మీద గాయం కుడితే మూసుకోవాలని కుడతాం. ఇక్కడ మూత్రం బయటికి కారకూడదు, అదే టైములో లోపల దారి మూసుకోనూ కూడదు, ఈ రెండింటి మధ్యనే సర్జన్ నలిగిపోతాడు. మూత్రం కారిందంటే చుట్టూ వాపు వచ్చి మచ్చ కడతది, మచ్చ ముడుచుకుంటే మళ్లీ అదే అడ్డం. కారకూడదని బిగించి కుడితే అంచులకి రక్తం అందక అదీ మచ్చే. మామూలు గొట్టం లెక్కలో అయితే ప్రెషర్ అంతే ఉండి రేడియస్ సగమైతే ప్రవాహం 16వ వంతుకి పడిపోద్ది, యురేటర్ దానంతటది పిండుకుంటా నెట్టే పైపు కాబట్టి అచ్చం ఆ లెక్కే ఉండదు గానీ, మిల్లీమీటరుకి ఎందుకంత కొట్టుకుంటారో దీన్ని బట్టి తెలుస్తది.

అందుకే పైపు గుండ్రటి మూతిని అట్టే తీసకపోయి అతికించరు. మూతి దగ్గర్నుంచి కిందికి నిలువుగా చీలుస్తారు, చిన్న చీలికే, అప్పుడు మూతి వెడల్పుగా ఏటవాలుగా తెరుచుకుంటది, రేపు మచ్చ ముడుచుకున్నా ఉంగరం మాదిరిగా బిగుసుకోదు. ఆ చీలిక కూడా బయటి పక్కనే పెడతారు, ఎందుకంటే పైపు పైభాగానికి రక్తం లోపలి పక్క నుంచి వస్తది. పైపు మెలి తిరగకుండా ముందే ఒక గుర్తు కుట్టు వేసుకుంటారు. అడ్డంగా పోయే రక్తనాళం ఉంటే దాన్ని తెంచరు, పైపునే దాని ముందుకి తెచ్చి అతికిస్తారు.

మొదటి కుట్టు చీలిక చివర్న పడతది, దాన్ని సంచిలో అన్నిటికన్నా కింద ఉండే చోటుకి కలుపుతారు. ఆ కుట్టు పడేటప్పుడు థియేటర్లో ఎవురూ మాట్లాడరు, మా సార్ అయితే ఫోన్ మోగినా కసురుకుంటాడు. అంచుని ఫోర్సెప్స్‌తో గట్టిగా పట్టుకోరు, నలిగితే అక్కడ మానదు. ముందు వెనక గోడ కుట్టి, డీజే స్టెంట్ అనే మెత్తటి పైపు లోపలికి పంపి, తర్వాత ముందు గోడ.

దారం 5-0 గానీ 6-0 గానీ వాడతారు, నంబరు పెరిగేకొద్దీ సన్నం, 6-0 అయితే మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కరిగిపోయేదే వాడాలి, సిల్కు లాంటిది లోపల ఉండిపోతే దాని చుట్టూ రాయి కడతది. విక్రిల్ అయితే రెండు నెలలు అటూ ఇటూగా కరిగిపోద్ది, పీడీఎస్‌కి ఆరు నెలలు పడతది కానీ ఒకే పోగు కాబట్టి కణజాలంలో నున్నగా జారుద్ది.

విడివిడిగా ముడులేయాలా, ఒకే దారంతో వరసగా కుట్టుకుంటా పోవాలా అనేది పాత వాదన. వరస కుట్టు తొందరగా అయిపోద్ది, లీకు తక్కువ, కానీ చివర్న కొంచెం ఎక్కువ లాగారనుకోండి, పావడా నాడా లాగినట్టు మూతి మొత్తం ముడుచుకుంటది. విడి కుట్లలో ఆ భయం లేదు, టైము మాత్రం తింటది. రెండింటితోనూ మంచి ఫలితాలే వస్తున్నాయి, కొందరు వెనక గోడకి వరస, ముందు గోడకి విడి అని కలిపి వేస్తారు. చెయ్యి తిరిగిన సర్జన్ ఏది వేసినా నాకు తేడా కనపడలా.

1993లో లాపరోస్కోపీలో, అంటే పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తా చేసే పద్ధతిలో, ఇది మొదలైనప్పుడు కష్టమంతా కుట్టడం దగ్గరే వచ్చింది, కర్రల్లాంటి పరికరాలతో, స్క్రీన్ చూసుకుంటా, సన్నదారం ముడి వెయ్యాలి మరి. రోబోలో పరికరం కొస మణికట్టు మాదిరిగా తిరుగుద్ది కాబట్టి ఆ బాధ తగ్గింది, ఖర్చు పెరిగింది.

ఇంక స్టెంట్. నాలుగు నుంచి ఆరు వారాల్లో తీసేయాలి, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ప్రకాశం సైడు నుంచి వచ్చిన ఒకామె "పొగాకు పని అయినాక వస్తాలే నాయనా, నొప్పేం లేదు గదా" అనింది. నొప్పి లేకపోయినా నెలలు గడిస్తే దాని మీద రాయి పేరుకుంటది, అప్పుడు లాగితే రాదు, దానికి ఇంకో ఆపరేషన్. స్టెంట్ ఉన్నన్నాళ్లు మాటిమాటికీ మూత్రానికి పోవాలనిపించడం, మూత్రంలో కొంచెం ఎర్రజీర మామూలే, జ్వరం వస్తే మాత్రం ఆగకుండా రావాలి. తీసేసినాక కొన్ని నెలలకి రీనోగ్రామ్ చేస్తారు, అందులో మూత్రం బాగా దిగతా ఉంటే చాలు. స్కాన్‌లో వాపు ఇంకా ఉంది అని రాస్తే చానామంది హడలిపోతారు గానీ, ఏళ్ల తరబడి సాగిన సంచి కాబట్టి కొందరికి అది పూర్తిగా మామూలు సైజుకి ఎప్పటికీ రాదు.