శత్రువు ముందున్నాడా, వెనకున్నాడా? గేమింగ్ హెడ్‌ఫోన్స్ కొనే ముందు ఒక మాట

షూటింగ్ గేములు ఆడేవాళ్లందరికీ ఎప్పుడో ఒకసారి తగిలే దెబ్బే ఇది. మీ టీమ్‌లో మీరొక్కరే మిగిలారు, అవతలా ఒక్కడే. అడుగుల చప్పుడు కుడివైపు నుంచి స్పష్టంగా వినపడింది, అందులో అనుమానమేమీ లేదు. అటు తిరిగి గురిపెడితే అక్కడ ఎవరూ లేరు, ఎందుకంటే వాడు కుడివైపే ఉన్నాడు గానీ ముందు కాదు, వెనక. రౌండ్ పోయిన కోపంలో కొత్త హెడ్‌సెట్ కోసం వెతకడం, పెట్టె మీద 7.1 అని (చుట్టూ ఎనిమిది స్పీకర్లున్నట్టు వినిపిస్తుందని చెప్పే మాట) పెద్ద అక్షరాలతో రాసున్నది కనపడగానే ఆర్డర్ పెట్టేయడం మామూలే. డబ్బులు ఖర్చయ్యాక కూడా వాడు మళ్లీ వెనక నుంచే వచ్చి కాలుస్తాడు.

దిక్కు అనేది హెడ్‌ఫోన్‌లో ఉండదండీ. దాన్ని లెక్కగట్టేది గేమ్, పసిగట్టేది మన మెదడు. మధ్యలో ఉన్న హెడ్‌ఫోన్ కిటికీ అద్దం లాంటిది. మరకల్లేకుండా ఉంటే అవతల ఉన్నది ఉన్నట్టు కనపడుతుంది, అవతల ఏమీ లేకపోతే మాత్రం ఎంత ఖరీదైన అద్దమైనా చూపించడానికేమీ ఉండదు.

ముందు చెవుల సంగతి చూద్దాం. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. సరిగ్గా మీ కుడి పక్కన ఎవరైనా చిటికె వేస్తే, ఆ శబ్దం కుడి చెవికి తగిలాక తల చుట్టూ తిరిగి ఎడమ చెవికి చేరేసరికి ఇంకో 0.65 మిల్లీసెకన్లు పడుతుంది. అదే చిటికె ఎదురుగా, ఓ పది డిగ్రీలు మాత్రమే కుడికి జరిగి వేస్తే ఈ తేడా 0.09 మిల్లీసెకన్లకు పడిపోతుంది. అయినా మెదడు పట్టేస్తుంది. ప్రశాంతమైన చోట జాగ్రత్తగా విన్నప్పుడు 0.01 మిల్లీసెకన్ల తేడాను కూడా మనిషి గుర్తించగలడు, ఎదురుగా ఉన్న శబ్దం ఒక్క డిగ్రీ పక్కకు జరిగినా మనకు తెలిసేది అందుకే. రెండో ఆధారం తీవ్రత. తల అడ్డుపడటం వల్ల అవతలి చెవికి శబ్దం కొంచెం తగ్గి చేరుతుంది, కాకపోతే ఇది సన్నటి, కీచు శబ్దాల విషయంలోనే బాగా పనిచేస్తుంది. బాస్ శబ్దాల తరంగాలు తలకంటే పొడుగ్గా ఉంటాయి కాబట్టి అవి తలను చుట్టేసి దాదాపు అంతే బలంతో అవతలికి పోతాయి. లోతైన శబ్దాలకు కాలంలో తేడా, సన్నటి శబ్దాలకు తీవ్రతలో తేడా అనే ఈ పంపకాన్ని లార్డ్ రేలీ అనే భౌతిక శాస్త్రవేత్త 1907లోనే చెప్పాడు. ఇప్పుడు మనం వేసుకునే సరిహద్దు సుమారు 1500 హెర్ట్జ్, అంటే సెకనుకు 1500 కంపనాలు.

ఎడమా కుడీ తేల్చడానికి ఇది చాలు. దీనికి ప్రత్యేకమైన హెడ్‌ఫోన్ అక్కర్లేదు, సరిగా పనిచేసే రెండు స్పీకర్లున్న ఏ మామూలు ఇయర్‌ఫోనైనా ఈ పని చేసి పెడుతుంది. అన్నట్టు, పొజిషన్ బాగా తెలియాలంటే 96 కిలోహెర్ట్జ్ ఆడియో (శబ్దాన్ని సెకనుకు 96 వేల శాంపిళ్లుగా కొలిచి రాసేది) పెట్టుకోవాలని కొందరు చెబుతుంటారు, పట్టించుకోకండి. 48 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌లో రెండు శాంపిళ్ల మధ్య వ్యవధికంటే చాలా చిన్న కాలవ్యత్యాసాలు కూడా చెక్కుచెదరకుండా ఉంటాయి.

అసలు చిక్కు ముందూ వెనకల దగ్గర వస్తుంది. మీకు ముందు, కుడివైపు 30 డిగ్రీల్లో ఒకడున్నాడు. వెనక, కుడివైపు సరిగ్గా అంతే కోణంలో ఇంకొకడున్నాడు. ఇద్దరి అడుగులూ రెండు చెవులకు చేరే కాలంలో తేడా దాదాపు ఒకటే, తీవ్రతలో తేడా కూడా దాదాపు ఒకటే. పై అంతస్తులో ఒకడు, కింద ఒకడు ఉన్నా ఇదే గొడవ. మరి నిజజీవితంలో మనం ఎలా పోల్చుకుంటున్నాం? చెవి డొప్పల వల్ల. ఆ మడతలు, గుంటలు ఊరికే లేవు. 8000 హెర్ట్జ్ శబ్దం తరంగం పొడవు నాలుగు సెంటీమీటర్ల చిల్లర, అంటే ఇంచుమించు చెవి డొప్ప సైజు. అలాంటి తరంగాలు ఆ మడతల్లో తగిలి, తిరిగొచ్చి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, దాంతో కొన్ని ఫ్రీక్వెన్సీలు పెరుగుతాయి, కొన్ని చోట్ల గుంట పడినట్టు తగ్గిపోతాయి. శబ్దం పైనుంచి వస్తే ఆ గుంట ఒకచోట, కింద నుంచి వస్తే ఇంకోచోట. పుట్టిన దగ్గర్నుంచీ మెదడు ఈ మార్పులన్నీ బట్టీ పట్టి కూర్చుంది.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. కళ్లు మూసుకుని కూర్చుని, ఎవరినైనా తాళాల గుత్తిని మీ ముక్కుకు ఎదురుగా ఒకసారి, నడినెత్తి మీద ఒకసారి, తల వెనక ఒకసారి, వరసలేమీ లేకుండా గలగలలాడించమనండి. తల కదపకుండా ముందు, పైన, వెనక అని నోటితో చెబుతూ పోండి. తర్వాత రెండు చెవి డొప్పలనూ తలకేసి గట్టిగా నొక్కిపట్టి, రంధ్రాలు మాత్రం మూసుకోకుండా, మళ్లీ మొదలుపెట్టండి. తాళాల చప్పుడు వినపడటానికి వినపడుతుంది, ఎటు నుంచో చెప్పడానికే నోరు తడబడుతుంది. 1998లో నెదర్లాండ్స్‌లో కొందరు పరిశోధకులు ఇదే సంగతిని పద్ధతిగా తేల్చారు. మనుషుల చెవి మడతల్లో చిన్న అచ్చులు అమర్చి రోజంతా వాటితోనే తిరగమన్నారు. పైకీ కిందకీ తేడా పోల్చుకునే శక్తి అక్కడికక్కడే దెబ్బతింది, ఎడమ కుడి మాత్రం బాగానే తెలిసింది. కొన్ని వారాలు గడిచేసరికి కొత్త చెవులకు మెదడు అలవాటు పడిపోయింది. అచ్చులు తీసేశాక పాత చెవులతో ఏ ఇబ్బందీ లేకుండా మళ్లీ మామూలుగానే గుర్తుపట్టారు, అంటే మెదడు రెండు రకాల చెవుల లెక్కనూ దాచుకుందన్నమాట.

హెడ్‌ఫోన్ పెట్టుకుంటే శబ్దం చెవి పక్కనే పుడుతుంది, గది మూలనుంచి వచ్చే శబ్దం మడతల్లో తిరిగినట్టు తిరగదు. కాబట్టి ఆ మడతల పని గేమే ముందుగా చేసి పంపాలి. తల, చెవులు, భుజాలు కలిసి ఒక్కో దిక్కు నుంచి వచ్చే శబ్దాన్ని ఎలా మారుస్తాయో కొలిచి రాసుకున్న లెక్కనే హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. దీన్ని కొలవడానికి చెవి రంధ్రాల్లో మైకులు పెట్టి చుట్టూ శబ్దాలు మోగిస్తారు. 1994లో అమెరికాలోని ఎమ్‌ఐటీ మీడియా ల్యాబ్‌లో కెమార్ అనే బొమ్మ మనిషి తలతో ఇలా 710 దిక్కుల నుంచి కొలిచి, ఎవరైనా వాడుకోవచ్చని బయట పెట్టేశారు.

గేముల్లో ఇది కొత్త సంగతేమీ కాదు, మధ్యలో మరుగున పడిన సంగతి. 1990ల చివర్లోనే ఆరియల్ కంపెనీ ఏ3డీ అనే సౌండ్ కార్డు టెక్నాలజీతో ఈ పని చేసింది. పేటెంట్ కేసులో నెగ్గి కూడా ఆ ఖర్చులతో చితికిపోయి 2000లో దివాలా తీసింది, దాని ఆస్తుల్ని కేసు పెట్టిన క్రియేటివ్ కంపెనీయే కొనుక్కుంది. తర్వాత 2007లో వచ్చిన విండోస్ విస్టా, గేములు సౌండ్ కార్డుతో 3డీ శబ్దాలు చేయించుకునే పాత దారిని మూసేసింది. 2016లో ఓవర్‌వాచ్, ఆ ఏడాది చివర్లో కౌంటర్ స్ట్రైక్, 2021లో వాలొరాంట్ హెడ్‌ఫోన్ల కోసం ఇలాంటి ఆప్షన్లు తెచ్చేదాకా చాలా గేములు ఎడమ స్పీకర్‌లో ఇంత, కుడి స్పీకర్‌లో ఇంత అని వాల్యూమ్ పంచి ఊరుకున్నాయి. అలా పంచిన శబ్దంలో ముందున్నవాడికీ వెనకున్నవాడికీ పడే అంకెలు ఒకటే. లేని తేడాను ఏ హెడ్‌ఫోన్ మాత్రం ఎక్కణ్నుంచి తెస్తుంది?

కాబట్టి కొత్తది కొనకముందే గేమ్ ఆడియో సెట్టింగ్స్ తెరిచి చూడండి. హెచ్‌ఆర్‌టీఎఫ్ అనో, 3డీ ఆడియో అనో, స్టీరియో హెడ్‌ఫోన్స్ అనో ఉంటుంది, అది ఆన్ చేయండి. ఆ తర్వాత విండోస్‌లోనూ, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉన్న వర్చువల్ సరౌండ్ ఆపేయండి. ఈ రెండో పని చాలామంది చేయరు. గేమ్ ఒకసారి చెవి లెక్క వేసి పంపిన శబ్దానికి ఇంకో సాఫ్ట్‌వేర్ మళ్లీ చెవి లెక్క వేస్తే, రెండు జతల చెవి డొప్పలు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నట్టే, దిక్కులన్నీ కలగాపులగం అయిపోతాయి. పెట్టె మీది 7.1 కూడా సాధారణంగా ఈ బాపతే, లోపల ఉండేది చెవికో స్పీకరే, మిగతాదంతా సాఫ్ట్‌వేర్. గేమ్‌కి సొంత 3డీ ఆడియో లేకుండా సరౌండ్ అవుట్‌పుట్ మాత్రమే ఉంటే అప్పుడది కొంత పనికొస్తుంది, కాదనను.

లెక్క సరిగ్గా ఉన్నా ముందూ వెనకా తికమక పూర్తిగా పోదు, ఆ కొలతలు వేరే తలవి, మీ చెవులవి కావు కనుక. దీనికి బయట మనం వాడే విరుగుడు తల కాస్త తిప్పడం. తల కుడికి తిప్పినప్పుడు ముందున్న శబ్దం ఎడమకు జరుగుతుంది, వెనకున్నది కుడికి జరుగుతుంది. దీని విలువను హాన్స్ వాలక్ 1940లో ప్రయోగాలతో చూపించాడు. గేములో మెడ అంటే మౌసే. అడుగులు వినపడగానే ఒక్కసారిగా తిరిగి కాల్చేయకుండా మౌస్‌ను కొంచెం అటూ ఇటూ ఊపి చూడండి, శబ్దం ఎటు జారిందో దాన్నిబట్టి తేలిపోతుంది. ఏ హెడ్‌ఫోన్ మార్పుకంటే ఈ అలవాటే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఇక హెడ్‌ఫోన్ దగ్గర చూడాల్సింది ఏంటి? అన్నిటికంటే ముందు రెండు పక్కలూ ఒకేలా మోగాలి. ఎడమా కుడీ అన్నదంతా రెండు చెవుల మధ్య తేడాలోనే ఉందని చెప్పుకున్నాం కదా, ఆ తేడాను హెడ్‌ఫోనే సొంతంగా పుట్టిస్తే ఇంకేముంది. పరీక్ష సులువే. ఒకే మనిషి గొంతున్న మోనో రికార్డింగ్ (రెండు చెవులకూ ఒకే శబ్దం పోయేది) పెట్టి కళ్లు మూసుకోండి. గొంతు తల నడిమధ్యలో నిలబడాలి. పక్కకు లాగుతుంటే హెడ్‌ఫోన్ తిరగేసి, ఎడమది కుడి చెవికి పెట్టుకుని వినండి. గొంతు కూడా రెండో పక్కకు మారితే తేడా హెడ్‌ఫోన్‌దో కంప్యూటర్ బ్యాలెన్స్‌దో, వేరే ఫోన్‌కి పెట్టి చూస్తే ఏదో తెలిసిపోతుంది. మారకుండా అదే చెవి వైపు ఉండిపోతే చెవిలో గుబిలి ఉందేమో చూపించుకోండి.

రెండోది సమతూకం. గేమింగ్ పేరుతో అమ్మే చాలా హెడ్‌సెట్లలో పేలుళ్లు అదరగొట్టాలని బాస్ పెంచేస్తారు. లోతైన శబ్దాలు తమకంటే సన్నటి శబ్దాలను కప్పేసినంతగా సన్నటివి లోతైనవాటిని కప్పలేవు, ఇది చెవి లోపలి నిర్మాణం వల్ల వచ్చిన గుణం. గ్రెనేడ్ పేలిన మరుక్షణం అడుగులు వినపడకపోవడంలో ఆ అదనపు బాస్ వాటా కూడా ఉంటుంది. పైన 5000 నుంచి 10000 హెర్ట్జ్ మధ్య పెద్ద ఎత్తుపల్లాలున్నా చేటే, గేమ్ జాగ్రత్తగా వేసి పంపిన చెవి డొప్ప గుర్తులు ఉండేది సరిగ్గా అక్కడే. అందుకే సంగీతం కోసం చేసిన హెడ్‌ఫోన్లు, ఉదాహరణకు 1997 నుంచి వస్తున్న సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటివి, గేమింగ్ అన్న పేరే లేకుండా ఈ పని బాగా చేస్తాయి.

ఓపెన్‌బ్యాకా, క్లోజ్డ్‌బ్యాకా అన్నది అందరూ అడిగే ప్రశ్న. కప్పుల వెనక జాలీ ఉన్న ఓపెన్‌బ్యాక్‌లో శబ్దం తల బయట పరుచుకున్నట్టు ఉంటుంది, లోపల ప్రతిధ్వనులు తక్కువ, చెవులకు చెమటా తక్కువ. ఫ్యాను మోతా ఇంట్లోవాళ్ల మాటలూ లోపలికి వచ్చేస్తాయి, మీ గేమ్ చప్పుడు వాళ్లకీ వినపడుతుంది. గోలగా ఉండే గదిలో అయితే కప్పుల వెనక మూసి ఉండే మంచి క్లోజ్డ్‌బ్యాకే మేలు. శబ్దం విశాలంగా ఉండటం, దిక్కు కచ్చితంగా తెలియడం రెండూ ఒకటి కావు, ఈ తేడా మాత్రం గుర్తుంచుకోండి. చెవి లోపలికి దూర్చే ఇయర్‌ఫోన్స్‌లో ఆ విశాలం ఉండకపోయినా హెచ్‌ఆర్‌టీఎఫ్‌తో దిక్కు చక్కగానే తెలుస్తుంది.

వైర్‌లెస్ కావాలంటే 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో (యూఎస్‌బీకి గుచ్చే చిన్న రిసీవర్) వచ్చేది తీసుకోండి. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం తరచుగా 150 మిల్లీసెకన్లు దాటుతుంది, రెండు చెవులకూ ఒకే ఆలస్యం కాబట్టి దిక్కు చెడదు, మీరు తేరుకునేలోపు ప్రాణం పోతుంది అంతే. అంతకంటే పెద్ద మోసం మైక్ దగ్గర ఉంది. పాత తరం బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైక్ ఆన్ చేయగానే అది ఫోన్ కాల్ పద్ధతిలోకి పోతుంది, శబ్దం మోనో అయిపోతుంది, 8000 హెర్ట్జ్ పైనున్నదంతా ఎగిరిపోతుంది. టీమ్‌తో మాట్లాడుతున్నప్పుడే దిక్కు తెలియడం లేదంటే కారణం ఇదేనేమో చూడండి. విడి మైక్ పెట్టుకుంటే సరిపోతుంది.

అడుగులు వినపడాలని వాల్యూమ్ పెంచేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు, 90కి చేరితే ఆ వెసులుబాటు 4 గంటలకు పడిపోతుంది. విండోస్‌లో ఉండే లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ ఆన్ చేస్తే చిన్న శబ్దాలు పైకి లేస్తాయి నిజమే, కాకపోతే దగ్గరివాడూ దూరపువాడూ ఒకేలా వినపడటం మొదలవుతుంది. నేనైతే దాన్ని వాడను.

పీఎస్5 గేమ్ కన్సోల్‌లో అయితే, అది వచ్చిన కొత్తలో ఐదు రకాల చెవుల ప్రొఫైళ్లుండేవి, పరీక్ష శబ్దం సరిగ్గా చెవుల ఎత్తులో వినపడేదాన్ని ఎంచుకోవాల్సి వచ్చేది. ఎక్కడైనా సరే, ఒకటి ఎంచుకున్నాక రెండు మూడు వారాలు దాన్నే ఉంచండి. ఓడిన ప్రతి రాత్రీ ప్రొఫైల్ మార్చుకుంటూ పోతే, ఆ నెదర్లాండ్స్ ప్రయోగంలోవాళ్లకు దొరికినంత వ్యవధి మీ మెదడుకు దొరకదు.