మిగిలిన వంట, గిన్నె లోతు

ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "రాత్రి మిగిలినవి నేను పొద్దున్నే సలసలా మరిగించి వాడేస్తాను. మా అమ్మాయి మూత తీసి వాసన చూస్తుంది. ఏమాత్రం తేడాగా అనిపించినా పారబోస్తుంది, అనిపించకపోతే అలాగే తినేస్తుంది. మా ఇద్దరిలో ఎవరి పద్ధతి సరైనది?"

ఈ ప్రశ్న నాకు ఎంత నచ్చిందంటే మూడు రోజులుగా దీని గురించే ఆలోచిస్తున్నాను. తల్లి మంటను నమ్ముకున్నారు, కూతురు ముక్కును నమ్ముకుంది. కానీ ఆ గిన్నెలోది తినొచ్చా, పారేయాలా అన్నది వాళ్ళిద్దరూ నిద్ర లేవకముందే, రాత్రి వంట దించిన మొదటి కొద్ది గంటల్లోనే తేలిపోయింది. దాన్ని తేల్చేది ఎక్కువగా గిన్నె లోతు. అదెలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ముక్కు సంగతి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలంటాం. ఉడకడం విషయంలో అది నిజమే. నీళ్ళు మరుగుతున్నంతసేపూ గిన్నెలో మెతుకులన్నిటికీ దాదాపు ఒకటే వేడి తగులుతుంది. పాడవడం విషయంలో మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. అంచున ఉన్న మెతుకు తొందరగా చల్లారిపోతుంది, నడిమధ్యలో ఉన్నది అర్ధరాత్రి దాకా గోరువెచ్చగానే ఉండొచ్చు. ఒకే గిన్నెలో ఉన్నా ఆ రెండూ గడిపిన రాత్రి ఒకటి కాదు.

పైగా ముక్కు పసిగట్టేది వేరే తెగను. పులిసిన వాసన, కుళ్ళు వాసన, జిగురు, తీగ సాగడం, ఇవన్నీ ఆహారాన్ని పాడుచేసే బాక్టీరియా పనులు. సూడోమోనాస్ లాంటివి గ్రాముకు కోటి దాకా పెరిగితే గానీ సాధారణంగా మనకు వాసన తెలియదు. జబ్బు తెచ్చే బాక్టీరియాలో చాలా రకాలు అంతకు ఎంతో ముందే, వాసనా రంగూ రుచీ ఏవీ మార్చకుండా ప్రమాదకరమైన సంఖ్యకు చేరిపోతాయి. మనం అడిగేది ఒకటి, ముక్కు చెప్పేది ఇంకొకటి. వాసన వస్తే పారేయాల్సిందే. వాసన రాలేదంటే మనకు కొత్తగా తెలిసిందేమీ లేదు.

ఇక మంట. 1876లో ఫెర్డినాండ్ కోన్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు కొన్ని బాసిల్లస్ బాక్టీరియా గట్టి పెంకున్న స్పోర్లుగా మారతాయనీ, నీళ్ళు మరిగే వేడిని కూడా అవి తట్టుకుంటాయనీ చూపించాడు. బడి పుస్తకాల్లో వీటినే సిద్ధబీజాలు అంటారు. అదే రోజుల్లో లండన్‌లో జాన్ టిండాల్ అనే భౌతిక శాస్త్రవేత్త ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ళతో కుస్తీ పడుతున్నాడు. గంటల తరబడి మరిగించినా ఆ నీళ్ళలో మళ్ళీ బాక్టీరియా పుట్టుకొచ్చేవి. 1877లో ఆయనకొక ఉపాయం తట్టింది. కాసేపు మరిగించి వదిలేయాలి. స్పోర్లు మొలకెత్తుతాయి. మొలకెత్తినవాటికి పెంకు ఉండదు కాబట్టి రెండోసారి మరిగిస్తే అవి చస్తాయి. ఇలా విడతలు విడతలుగా చేస్తే ద్రవంలో ఏ జీవీ మిగలదు. దీన్ని ఇప్పటికీ టిండలైజేషన్ అంటారు.

పాఠకురాలు చేస్తున్నది ఒక రకంగా టిండాల్ ప్రయోగమే. రాత్రి ఒకసారి మరిగింది, స్పోర్లు మొలకెత్తాయి, పొద్దున మళ్ళీ మరిగింది. అయితే టిండాల్ లెక్కలో బాక్టీరియా చస్తే చాలు. తినేవాళ్ళ లెక్కలో, అవి చచ్చేలోగా వదిలిన విషం కూడా ఉంటుంది.

ఆ విషాల్లో ఒకదాని నిర్మాణం చెప్పకుండా ఉండలేను. పిండిపదార్థం ఎక్కువగా ఉన్న వంటల్లో, ముఖ్యంగా అన్నంలో, బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. దానిలో కొన్ని రకాలు సెరులైడ్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. 12 ముక్కల గొలుసు రెండు చివర్లూ కలిసి ఉంగరమైతే ఎలా ఉంటుందో సెరులైడ్ అణువు అలా ఉంటుంది. అందులో అమైనో ఆమ్లం, హైడ్రాక్సీ ఆమ్లం ఒకదాని పక్కన ఒకటి వస్తాయి, కాబట్టి సగం బంధాలు మామూలు ప్రొటీన్లలో కనిపించేవి కావు. అందువల్లే పెప్సిన్, ట్రిప్సిన్ లాంటి జీర్ణ ఎంజైములు దాన్ని విడగొట్టలేవు. కడుపులోని ఆమ్లం కరిగించలేదు. ప్రెషర్ కుక్కర్ ఇచ్చే వేడిలో, 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా అది చెక్కుచెదరదు. ఆ ఉంగరం నడుమ సరిగ్గా ఒక పొటాషియం అయాన్ ఇముడుతుంది. సెరులైడ్ దాన్ని మోసుకుని కణంలోని పొరలను దాటేస్తుంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా నిలబెట్టుకునే విద్యుత్ తేడాను దెబ్బతీస్తుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. చేతుల నుంచి వంటలోకి చేరే స్టఫైలోకాకస్ ఆరియస్ వదిలే విషం కూడా మరిగిస్తే పోయే రకం కాదు.

అంటే మరిగించడం వృథా అని కాదు. బతికున్న బాక్టీరియాను అది చంపుతుంది, అదెప్పుడూ మంచిదే. రాత్రి జరిగిపోయినదాన్ని మాత్రం వెనక్కి తిప్పలేదు.

రాత్రి ఏం జరుగుతుందో లెక్క వేద్దాం. వెచ్చటి వంటలో బాక్టీరియా 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతున్నాయనుకుందాం. గ్రాముకు 100తో మొదలుపెడితే రెండు గంటలకు 6,400. మూడు గంటల ఇరవై నిమిషాలకు లక్ష దాటుతుంది. ఆరు గంటలకు 2 కోట్ల 62 లక్షలు. బాసిల్లస్ సీరియస్ విషయంలో గ్రాముకు లక్ష దాటితే ప్రమాదం మొదలైనట్టే చూస్తారు. నిజానికి స్పోరు మొలకెత్తడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి మనకు కాస్త వెసులుబాటు దొరుకుతుంది. వండినది రెండు గంటలకు మించి బయట ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం వెనక ఉన్న లెక్క ఇలాంటిదే. వేడిగా ఉంచాలంటే 60 డిగ్రీలకు పైన, చల్లగా ఉంచాలంటే 5 డిగ్రీలకు కింద ఉంచాలి. మధ్యలో ఉన్నంతసేపూ రెట్టింపులు నడుస్తూనే ఉంటాయి.

"వంట దించి గంటన్నరే అయింది, గిన్నె ముట్టుకుంటే చల్లగానే ఉంది కదా" అంటారు. గిన్నె చల్లబడింది సరే, నడుమ మాత్రం ఇంకా వేడిగానే ఉంది.

వేడి ఒక పదార్థంలో ఎంత వేగంగా పాకుతుందో చెప్పే కొలత ఒకటుంది, థర్మల్ డిఫ్యూజివిటీ. నీటికి అది సెకనుకు 0.14 చదరపు మిల్లీమీటర్లు. రాగికి 110కి పైనే. వండిన పదార్థాల్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి వాటి అంకె కూడా నీటికి దగ్గర్లోనే ఉంటుంది. వేడి ప్రయాణించాల్సిన దూరాన్ని దానితోనే గుణించి, ఈ అంకెతో భాగిస్తే చల్లారడానికి పట్టే కాలం సుమారుగా తెలుస్తుంది. కచ్చితమైన సమయం రాదు, పోల్చి చూసుకోవడానికి సరిపోతుంది. 5 సెంటీమీటర్ల మందాన పరిచిన వంట పైనుంచీ కిందనుంచీ చల్లారుతోందనుకోండి. నడుమ నుంచి బయటికి దూరం 25 మిల్లీమీటర్లు. 25ను 25తో గుణిస్తే 625, దాన్ని 0.14తో భాగిస్తే సుమారు 4,460 సెకన్లు, అంటే గంటా పావు. అదే వంట 20 సెంటీమీటర్ల లోతు గిన్నెలో ఉంటే దూరం 100 మిల్లీమీటర్లు. లెక్క 71,000 సెకన్లు దాటుతుంది, అంటే దాదాపు 20 గంటలు. లోతు నాలుగు రెట్లయితే కాలం పదహారు రెట్లయింది. దూరపు వర్గం (స్క్వేర్) అంటే ఇదీ! ఉష్ణ వహనం పాఠాన్ని బడిలో ఎప్పుడూ లోహపు కడ్డీకి మైనం అంటించే చెప్తారు. లోహంలో వేడి చకచకా పాకుతుంది కాబట్టి, దూరం పెరిగితే కాలం ఎంతగా పెరుగుతుందో పిల్లలకు కనిపించదు. లోతు గిన్నె ఒకటీ వెడల్పు పళ్ళెం ఒకటీ పక్కపక్కన పెట్టి, ఆ పాఠం మళ్ళీ చెప్పాలని నాకు ఎంతో కోరిక.

ఇదే లెక్కలో ఇంకా చాలా సంగతులున్నాయి. పల్చటి సూప్, పాలు లాంటివాటిలో వేడెక్కిన భాగం పైకి, చల్లారిన భాగం కిందికి తిరుగుతూ ఉంటుంది, అదే సంవహనం. వేడి మోసుకుపోయే పని ద్రవమే చేసేస్తుంది. చిక్కగా, ముద్దగా ఉన్నవాటిలో ఏదీ కదలదు కాబట్టి వర్గం లెక్క పూర్తిగా వర్తిస్తుంది. ఒకే గిన్నెలో ఒకే పరిమాణంలో ఉన్నా, చిక్కటిది పల్చటిదానికన్నా చాలాసేపు వెచ్చగా ఉండేది ఇందుకే. గరిటెతో కలపడం అంటే ఆ సంవహనాన్ని మనం చేత్తో చేసిపెట్టడం.

చిక్కటి మాంసం వంటకం లోతు గిన్నెలో ఉంటే ఇంకో కష్టం. మరిగేటప్పుడు అందులోని ఆక్సిజన్ బయటికి పోతుంది. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియాకు ఆక్సిజన్ అక్కర్లేదు, దాని స్పోర్లూ మరిగే వేడికి చావవు. 43 నుంచి 45 డిగ్రీల మధ్య అది పది నిమిషాల లోపే రెట్టింపవుతుంది. పెద్ద గిన్నె నడిబొడ్డున అచ్చంగా అలాంటి చోటే దానికి దొరుకుతుంది. విందుల్లో, హాస్టళ్ళలో ఒకేసారి బోలెడుమంది కడుపునొప్పితో పడిపోయారన్న వార్తల్లో చాలాసార్లు ఇదే కారణమవుతుంది.

ఆవిరి మన పక్షాన ఉంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి తీసుకునే వేడి, 540 గ్రాముల నీటిని ఒక డిగ్రీ చల్లార్చడానికి సరిపోతుంది. అంటే వంద గ్రాములకు ఒక్క గ్రాము ఆవిరైతే మిగిలింది 5 డిగ్రీలకు పైగా దిగుతుంది. పొగలు తగ్గేదాకా మూత కాస్త ఓరగా పెట్టమనేది ఇందుకే. పలచగా పరిచాక అడ్డం పడేది గాలి. నీటికి వేడిని మోసే శక్తి గాలికన్నా ఇరవై రెట్లకు పైనే ఉంటుంది, కాబట్టి గిన్నెను చల్లటి నీళ్ళలో కూర్చోబెడితే ఆ అడ్డమూ తొలగిపోతుంది.

వేడివి ఫ్రిజ్‌లో పెడితే విషమైపోతాయని ఒక నమ్మకం బలంగా ఉంది. పూర్తిగా చల్లారేదాకా బయట ఉంచడమే అసలు ప్రమాదం. మరుగుతున్న పెద్ద గిన్నెను అమాంతం లోపల పెడితే పక్కనున్నవి వేడెక్కుతాయి, అది నిజమే. చిన్న చిన్న డబ్బాల్లోకి తీసి, పొగలు ఆగాక పెట్టేస్తే సరిపోతుంది. అమెరికాలో హోటళ్ళకు పెట్టిన నియమం గమనించండి: 57 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో దింపాలి, అక్కడి నుంచి 5కు దింపడానికి ఇంకో నాలుగు గంటలు ఇస్తారు. మొదటి మెట్టు మీదే రెట్టింపులు వేగంగా జరుగుతాయి, అందుకే అక్కడ పట్టు ఎక్కువ.

ఇదంతా చదివి భయంతో ప్రతిదీ పారబోసేవాళ్ళు తయారైతే నాకు చాలా బాధగా ఉంటుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం, తొక్కలూ ఎముకలూ లాంటి తినని భాగాలతో కలిపి, చెత్తలోకి పోయింది. అందులో 63 కోట్ల టన్నులు ఇళ్ళ నుంచే. మనిషికి ఏడాదికి 79 కిలోలు! తినేదాన్ని కేవలం గట్టిపడిందని పారేసే అలవాటు కూడా ఇందులో ఉంది.

గట్టిపడటం పాడవడం కాదు. బ్రెడ్ ఎండిపోయి గట్టిపడుతుందని అందరం అనుకుంటాం. 1852లో ఫ్రాన్స్‌లో బూసింగో అనే రసాయన శాస్త్రవేత్త తేమ బయటికి పోనివ్వకుండా ఉంచి చూశాడు, అయినా బ్రెడ్ గట్టిపడింది. దాన్ని మళ్ళీ 60 డిగ్రీలకు వేడి చేస్తే మెత్తబడింది. ఉడికినప్పుడు విడిపోయిన పిండిపదార్థపు గొలుసులు చల్లారాక మళ్ళీ పక్కపక్కన చేరి స్ఫటికాల్లా అమరుతాయి. అమైలోజ్ గొలుసులు గంటల్లో, అమైలోపెక్టిన్ కొమ్మలు రోజుల్లో ఆ పని చేస్తాయి. ఫ్రిజ్ చలిలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నం బిరుసుగా ఉంటుంది. కాస్త నీళ్ళు చిలకరించి వేడి చేస్తే ఆ అమరిక చెదిరిపోతుంది. బూజు విషయం వేరు. బ్రెడ్ మీద పచ్చటి మచ్చ కనిపించిందంటే దాని దారాలు కంటికి కనిపించని మేర లోపలికి పాకి ఉంటాయి, ఆ ముక్క ఒక్కటీ తుంచేస్తే చాలదు.

త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టినవి మూడు నాలుగు రోజులు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఆపైన ఎందుకు వద్దంటే లిస్టీరియా లాంటి బాక్టీరియా 4 డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతాయి, గర్భిణులకు అది చాలా ప్రమాదం. అన్ని రోజుల్లో తినలేమనుకుంటే మొదటి రోజే డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయాలి. అక్కడ బాక్టీరియా చాలావరకు చావవు గానీ పెరగవు. తినేంత మటుకే తీసి, నడుమ 70 డిగ్రీలు దాటేలా వేడి చేయాలి. మైక్రోవేవ్‌లో అయితే మధ్యలో ఒకసారి కలపాలి, వేడి అన్ని చోట్లా సమంగా తగలదు కాబట్టి.

ఆ తల్లీకూతుళ్ళకు నేను రాసిన జవాబులో ఒక చిన్న ప్రయోగం అడిగాను. గుచ్చి చూసే వంటింటి థర్మామీటర్ ఒకటి కొనండి. ఈసారి ఎక్కువ వండినప్పుడు సగం లోతు గిన్నెలోనే ఉంచి, సగం వెడల్పు పళ్ళెంలో పరవండి. పావుగంటకోసారి రెండిటి నడుమా గుచ్చి, అంకెలు కాగితం మీద రాయండి. ఒకరు గుచ్చండి, ఒకరు రాయండి. రెండు గంటలయ్యాక రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, లోతు గిన్నె బయట అరచెయ్యి ఆనించి మరీ.