స్పీకర్ నేల మీదకి దిగాకే మొదలైంది ఈ తగువు

పెద్ద సినిమా ఓటీటీలోకి వచ్చిన ప్రతిసారీ భీమవరం, అమలాపురం, రాజమండ్రి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే తగువు రాజుకుంటోంది. "మీ హోమ్ థియేటర్ దెబ్బకి మా బీరువా అద్దాలు గలగలమంటున్నాయండీ" అని కింది ఇంటివాళ్లు. "సబ్‌వూఫర్ కింద ప్యాడ్లు వేశాం కదండీ, ఇంకేం చేయమంటారు?" అని పై ఇంటివాళ్లు. సబ్‌వూఫర్ అంటే లోతైన దరువును మోగించే పెద్ద స్పీకర్ డబ్బా. మన డెల్టా మట్టి మెత్తన, బిల్డింగులు అదరక ఏం చేస్తాయని మధ్యవర్తులు సర్దిచెబుతున్నారు.

మట్టి సంగతి ముందు తేల్చేద్దాం. నల్లమట్టి వల్ల మన దగ్గర చాలా చోట్ల పునాదులకు పైల్స్ వేయాల్సి వస్తుంది, నిజమే. కానీ మూడో అంతస్తు హాల్లో పుట్టిన అదురు రెండో అంతస్తు పడగ్గదిలోకి రావడానికి భూమి దాకా వెళ్లక్కర్లేదు. మధ్యలో ఉన్నది ఒక్క స్లాబు.

రేడియో రోజులు, టేప్ రికార్డర్ రోజులు అందరికీ తెలిసినవే. అప్పట్లో పాట గూట్లోంచో అల్మరా మీంచో వచ్చేది. పెంకుటింట్లో మట్టి, ఇసుక నింపి, దిమ్మిస కొట్టి, దాని మీద గచ్చు చేసేవారు. ఆ గచ్చు కింద ఇంకొకరి ఇల్లు ఉండేది కాదు.

మలుపు 5.1తో, అంటే అయిదు స్పీకర్లకు తోడు ఒక సబ్‌వూఫర్ ఉండే ఏర్పాటుతో వచ్చింది. 1992లో సినిమా హాళ్లలో మొదలైన డాల్బీ డిజిటల్ ఆ తర్వాత డీవీడీలతో ఇళ్లలోకి దిగింది. అందులోని 'పాయింట్ వన్' 120 హెర్ట్జ్ (సెకనుకు 120 కంపనాలు) లోపు శబ్దాలకే కేటాయించిన ఛానెల్. మిగతా ఛానెళ్ల కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ మోగేలా దాన్ని రూపొందించారు. పేలుళ్లు, ఏనుగు అడుగులు, హీరో ఎంట్రీ దరువు, అన్నిటికీ అదే ఆధారం. దాన్ని మోగించే సబ్‌వూఫర్ బరువైన డబ్బా, అల్మరా ఎక్కదు కాబట్టి నేల మీద, అదీ గది మూలన పెట్టారు. ఆ కాలంలోనే మన పట్టణాల్లో పెంకుటిళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపడం ఊపందుకుంది. దాంతో సబ్‌వూఫర్ వెళ్లి అయిదంగుళాల స్లాబు మీద, సాటి మనిషి నెత్తి మీద కూర్చుంది. ఇవాళ్టి గొడవకి మూలం ఈ రెండూ కలిసిన చోటే ఉందని నా నమ్మకం.

టవర్ స్పీకర్లతో పాటు స్పైకులు కూడా వచ్చాయి. 1970, 80 దశకాల్లో బ్రిటన్ హైఫై ప్రియుల్లో బాగా ప్రచారమైన ఇనుప ముళ్లు ఇవి. అక్కడి ఇళ్లలో నేలంతా కార్పెట్. దాని మీద స్పీకర్ ఊగకుండా, ముల్లు కార్పెట్లోంచి దిగి అడుగున ఉన్న గట్టి నేలను పట్టుకోవాలి. కుదురుగా నిలబెట్టడమే దాని పని, అదురు ఆపడం కాదు. మన హాల్లో ఉన్నవి విట్రిఫైడ్ టైల్స్. గీతలు పడతాయని ముల్లు కింద రూపాయి బిళ్ల పెడుతున్నారు. ఇనుము, బిళ్ల, టైలు, స్లాబు: మధ్యలో మెత్తనిది ఒక్కటీ లేదు. షాపులో మాత్రం "స్పైకులు వేస్తే వైబ్రేషన్ ఉండదు సార్" అనే మాట ఇంకా పోలేదు.

ప్యాడ్లు వేశామనే వాళ్లది అబద్ధమని కాదు. ఏం వేశారో చూడాలి. సాధారణంగా అవి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కింద, వాషింగ్ మెషీన్ కింద వేసే నల్ల రబ్బరు దిమ్మలు. గోటితో నొక్కితే దిగని రబ్బరు పది కిలోల డబ్బా కింద రాయితో సమానం. లెక్క సులువే. బరువు పెట్టాక ప్యాడ్ ఒక మిల్లీమీటరు అణిగితే దాని సహజ ఫ్రీక్వెన్సీ, అంటే ఆ బరువుతో అది తనంతట తాను ఊగే వేగం, దాదాపు 16 హెర్ట్జ్. నాలుగు మిల్లీమీటర్లు అణిగితే 8. శబ్దం ఫ్రీక్వెన్సీ దానికి 1.4 రెట్లు దాటాకే అదురు తగ్గడం మొదలవుతుంది, మూడు రెట్లు దాటితే గట్టి తేడా వస్తుంది. సబ్‌వూఫర్ 30 హెర్ట్జ్ దాకా దిగుతుంది కాబట్టి కనీసం రెండున్నర మిల్లీమీటర్లు అణగాల్సిందే, నాలుగైదు అణిగితే ఇంకా మంచిది.

దీనికి వేలు పోయక్కర్లేదు. కోనసీమ పీచు ఉన్న చోట మనం ఉన్నాం. పరుపుల షాపులో రబ్బరు పట్టించిన కాయర్ పరుపు కోత ముక్కలు అడగండి. నాలుగు ముక్కలు నాలుగు మూలలా పెట్టి, పైన కడప బండ, దాని మీద సబ్‌వూఫర్. అడుగున్నర చదరం, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న బండ 11 కిలోల దాకా తూగుతుంది. పీచును అణచేదీ, డబ్బాను కదలనివ్వనిదీ ఆ బరువే. బరువు పెట్టకముందు, పెట్టాక ముక్క మందం స్కేలుతో కొలవాలి. అణగకపోతే ముక్కలు చిన్నవి చేయాలి, మరీ అణిగిపోతే పెద్దవి వేయాలి. పీచు కొన్నాళ్లకు చదునైపోతుంది, అప్పుడు మార్చాలి. ఎత్తయిన టవర్ స్పీకర్ల కింద మాత్రం ఇంత మెత్తన వద్దు, పిల్లలు తగిలితే పడిపోతాయి.

ఇంత చేశాక కూడా కింది ఇంటివాళ్లు తగ్గలేదంటే వాళ్ల మాట నమ్మాలి. సబ్‌వూఫర్ గాల్లోకి తోసే ఒత్తిడే స్లాబును కదిలిస్తుంది, ప్యాడ్ దాన్ని ఆపలేదు. తేల్చుకోవడానికి ఒక పాట సేపు డబ్బాను మందపాటి మెత్తటి పరుపు మీద పెట్టి, అదే వాల్యూమ్‌లో మోగించి, కింద ఇంట్లో వినాలి. మోత తగ్గితే అదురు నేల గుండా వెళ్తున్నట్టు. తగ్గకపోతే గాలి గుండా.

పై ఇంటివాళ్లు ఫోన్ యాప్ చూపించి "నలభై నాలుగే ఉంది, రూల్ నలభై అయిదు" అంటారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ అని ఉన్న మాట వాస్తవం. అయితే ఆ అంకెలు ఏ-వెయిటింగ్ కొలతలో, అంటే చెవికి తక్కువగా వినిపించే లోతైన శబ్దాలను తగ్గించి లెక్కేసే కొలతలో ఉన్నవి. 63 హెర్ట్జ్ దగ్గర ఆ కొలత 26 డెసిబెల్స్ తీసేస్తుంది. 70 డెసిబెల్స్ మోత యాప్‌లో 44గా కనిపిస్తుంది. అంకె రూలుకి లోబడే ఉంటుంది, కింద పసిపాప మాత్రం ఉలిక్కిపడి లేస్తుంది.

సబ్‌వూఫర్ కింద ప్యాడ్ తప్పనిసరి అని నోటీసు పెడితే సరిపోతుందనుకునే కమిటీలు ఆ ప్యాడ్ ఎంత అణగాలో కూడా రాయాలి. గాలి గుండా వచ్చే మోతకైతే డబ్బాను మూల నుంచి జరిపి, గెయిన్ (సబ్‌వూఫర్ మోత పెంచే, తగ్గించే మీట) తగ్గించి, రాత్రి పదికి దాని స్విచ్ ఆపేయమని రాయాలి.