రోగనిరోధక శక్తి తగ్గినవారిలో వైరస్ క్యాన్సర్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అమలాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే హెచ్‌ఐవీ బాధితులను, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారిని చూసే వైద్యుడిగా నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: వైరస్ వల్ల వచ్చిన క్యాన్సర్ ఇంట్లోవాళ్లకు అంటుకుంటుంది.

సోకేది వైరస్ మాత్రమే, క్యాన్సర్ కాదు. లింఫోమా అనే క్యాన్సర్‌కు దారితీయగల ఎప్‌స్టీన్-బార్ వైరస్ ప్రపంచంలోని పెద్దవారిలో 90 శాతానికి పైగా మందిలో ఉంటుంది. అయినా రోగనిరోధక శక్తిలో భాగమైన టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) దాన్ని అదుపులో ఉంచుతాయి కనుక అత్యధికులకు ఏ కణితీ రాదు. మార్పిడి చేసిన కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే మందులు ఆ టీ కణాలనే అణచివేస్తాయి, అందువల్ల కొందరిలో లింఫోమా తలెత్తుతుంది. ఆ మందుల మోతాదు తగ్గించగానే కొందరిలో కణితి కరిగిపోవడం ఈ రంగంలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం. (మోతాదు తగ్గించవలసింది వైద్యుడే, సొంతంగా తగ్గించుకుంటే కిడ్నీకే ముప్పు.) రోగి కంచం, గ్లాసు వేరుగా పెట్టే ఇళ్లవారికి నేను చెప్పేది, క్యాన్సర్ అంటుకోదనే.

అపోహ: హెచ్‌ఐవీని అణచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) పరీక్షలో కనబడడం లేదు, ఇక క్యాన్సర్ పరీక్షలు ఎందుకు?

ఇందులో సగం నిజం ఉంది. 1981లో అమెరికాలో ఎయిడ్స్‌ను పసిగట్టడానికి దారితీసిన వ్యాధుల్లో ఒకటైన కపోసి సార్కోమాకు కారణమైన హెర్పిస్ వైరస్‌ను 1994లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ కనుగొన్నారు. ఏఆర్‌టీ వచ్చాక ఆ క్యాన్సర్ బాగా తగ్గింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సంగతి వేరు. ఏఆర్‌టీ మాత్రలు హెచ్‌ఐవీని అణచేవే గాని, ఆ క్యాన్సర్‌కు మూలమైన హెచ్‌పీవీని (హ్యూమన్ పాపిలోమా వైరస్‌ను) తొలగించేవి కావు. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు ఈ క్యాన్సర్ ముప్పు ఇతరులకన్నా సుమారు 6 రెట్లు ఎక్కువ కనుకనే, ఇతర స్త్రీలకు 30 ఏళ్ల నుంచి 5-10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ, వీరికి 25 ఏళ్ల నుంచే 3-5 ఏళ్లకోసారి చేయాలని 2021లో సూచించింది. నాట్ల రోజుల్లో కూలి వదులుకుని రమ్మంటే "నొప్పే లేదు కదండీ" అంటారు. క్యాన్సర్‌కు ముందు దశలో నొప్పి ఉండదు, తేలిగ్గా నయం చేయగలిగిన దశ కూడా అదే. మాత్రల కోసం వచ్చిన రోజే ఈ పరీక్షా చేయాలని, నమూనాను ఆమే స్వయంగా తీసుకునే వీలూ కల్పించాలని నా అభిప్రాయం.

అపోహ: పసరు మందుతో కామెర్లు తగ్గాయి, హెపటైటిస్-బి పోయింది.

పచ్చదనం చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది, కీర్తి మాత్రం పసరుకు దక్కుతుంది. వైరస్ కొందరి కాలేయంలో ఏళ్ల తరబడి ఉండిపోయి సిర్రోసిస్‌కు (కాలేయం మచ్చలు పడి గట్టిపడటానికి), కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. హెచ్‌ఐవీకి వాడే టెనోఫోవిర్ దీన్నీ అదుపు చేస్తుంది. రెండూ ఉన్నవారు దాన్ని ఉన్నట్టుండి మానేస్తే కాలేయం తీవ్రంగా దెబ్బతినవచ్చు.

అపోహ: నిరోధక శక్తి లేనివారికి టీకాలు ప్రమాదం.

హెచ్‌పీవీ, హెపటైటిస్-బి టీకాలలో సజీవ వైరస్ ఉండదు కనుక వీరికీ ఇవ్వవచ్చు. నిరోధక శక్తి తగ్గినవారికి హెచ్‌పీవీ టీకా ఒక్క డోసు చాలదు, వీలైతే 3 డోసులు వేయాలి. అయితే అప్పటికే సోకిన వైరస్‌ను టీకా తొలగించదు, కాబట్టి టీకా వేయించుకున్న స్త్రీకీ పైన చెప్పిన పరీక్ష తప్పదు.